దర్జీ ఇంటి దగ్గర ఎడమకి

సత్రం వెనక వరండా. పగలు పదకొండు గంటలు. ఆరిన దుప్పట్లను సత్రం నడిపే ఆవిడ, దర్జీ భార్య చెరో కొసా పట్టుకుని మడతపెడుతున్నారు.

“కొట్టెయ్యండి అక్కా. ఒక్క గీత చాలు.”

“ముందు దుప్పటి గట్టిగా పట్టుకో. నేలకి జారుతోంది.”

“పట్టుకునే ఉన్నాను. సత్రంలో దిగినవాళ్ళకి మీరిచ్చే దారి పుస్తకంలో నాలుగో పేజీ, పైనుంచి మూడో లైను. ‘దర్జీ, ఆయన భార్య గుమ్మంలో నిలబడి పోట్లాడుకునే ఇంటి దగ్గర ఎడమకి తిరగాలి.’ అదొక్కటి కొట్టేస్తే నా దారిన నేను పోతాను.”

“నీ దారిన నువ్వు పోతావు. మా సత్రంలో దిగినవాళ్ళు ఏ దారిన పోవాలి? ఎడమకి తిరగకపోతే వాగు రాదు. వాగు రాకపోతే చెక్క వంతెన రాదు. వంతెన దాటకపోతే కుండలు చేసే ఊరు రాదు. చుట్టుపక్కల ఊళ్ళు చూద్దామని వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చూశామని చెప్పుకుంటారు?”

“బాణం గుర్తు వేసి ఒక బోర్డు పెట్టండి.”

“బోర్డా.”

“బోర్డే. లోకంలో అందరూ పెట్టుకుంటున్నారు.”

“బోర్డు సంగతి నాతో ఎత్తకు. మా అత్తగారు ఈ పుస్తకం రాసినప్పుడు ఏమందో తెలుసా? చెట్టు గుర్తు చెప్తే ఆ చెట్టు కొట్టేస్తారు, గోడ రంగు గుర్తు చెప్తే ఆ గోడకి సున్నం కొడతారు, మనుషుల అలవాట్లు రాసిపెట్టుకుంటే అవి ఎక్కడికీ పోవు అంది. ముప్ఫై ఏళ్ళు. ఒక్కరు తప్పిపోలేదు.”

“ఒకాయన తప్పిపోయాడు.”

“ఆయన తప్పిపోలేదు. కుండల ఊళ్ళో పిల్లని చూసి, పెళ్ళి చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. అది వేరు. ఆ కొస ఇటివ్వు.”

“ఆవిడ రాసిన రోజుల్లో మేం నిజంగా పోట్లాడుకునేవాళ్ళం అక్కా. కొత్త కాపురం. నేను ఆయన కత్తెరతో కూర తరిగానని ఆయనకి కోపం, తరిగిన కూర తిన్నాడుగా అని నాకు కోపం. రోజూ పదింటికి మీ అత్తగారు మా ఇంటి ముందునుంచి పోతూ వినేది. రాసుకుంటోందని మాకేం తెలుసు?”

“రాసుకోబట్టే కదా మీకింత పేరొచ్చింది. ఎక్కడెక్కడివాళ్ళో పుస్తకం తెరిచి పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడుతున్నారు. నన్ను ఎవరు చూశారు అలాగ?”

“మీకు కావాలంటే మీరు పోట్లాడండి బావగారితో.”

“ఆయన పోట్లాడడు. ఏమన్నా ‘సరేలే’ అంటాడు. సరేలే దగ్గర ఎవరైనా ఎటు తిరుగుతారు? చూడమ్మాయ్, మిగతావాళ్ళెవరైనా నీలాగా వచ్చి కొట్టెయ్యమన్నారా? రేడియో మాస్టారు డాబా మీద చెవికి రేడియో ఆనించుకుని నిలబడట్లా? ఆయన దగ్గరే కదా నేరుగా పోవాలి.”

“ఆయన పోయి రెండేళ్ళయింది.”

“పోతే? అల్లుడు నిలబడుతున్నాడుగా. పాపం చెవుడు, ఒక్క ముక్క వినపడదు. అయినా చెయ్యి దించడు.”

“బావి తవ్వుకునే ఆయనకి నీళ్ళు పడి ఏడాదైంది.”

“ఆయన దగ్గర కుడికి తిరగాలి మరి. నీళ్ళు పడ్డాయని మధ్యలో ఆపేస్తే ఎట్లా?”

“మొన్న అటు పోతుంటే బురదలోంచి మొహం బయటపెట్టి, ‘అమ్మా, ఇవాళ్టికి ఇంకా ఎవరైనా రావాలా, నేను పైకి రావచ్చా’ అని నన్నడిగాడు.”

“ఏమన్నావు?”

“ఇంకో గంట ఉండమన్నాను. ఎందుకొచ్చిన గొడవ.”

“చూశావా మరి. నీకూ తెలుసు. ఒక్క కుట్టు ఊడితే చొక్కా మొత్తం పోతుంది, నీకు చెప్పాలా? అసలు సంగతి చెప్పు. ముప్ఫై ఏళ్ళు లేనిది ఇవాళ ఏమొచ్చింది?”

“ఆయన గొంతు. పొద్దున లేస్తే గరగర.”

“ఉప్పునీళ్ళు పుక్కిలించమను.”

“పుక్కిలిస్తూనే ఉన్నాడు. తొమ్మిదిన్నరకి పుక్కిలించి, అద్దం ముందు నిలబడి ‘నా కత్తెరేదీ, నా కత్తెరేదీ’ అని నాలుగైదుసార్లు అని చూసుకుని, అప్పుడొస్తాడు గుమ్మంలోకి.”

“శ్రద్ధ గల మనిషి.”

“ఇంకోటి, మనవరాలు. నాలుగేళ్ళ పిల్ల. మొన్న వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది. ఇప్పుడు వాళ్ళింట్లో బొమ్మని గుమ్మంలో నిలబెట్టి ‘నీ మొహానికి కత్తెరొకటి’ అంటోందిట. మా అమ్మాయి ఫోన్ చేసి ఒకటే ఏడుపు.”

“దానికేడుపెందుకు? వాళ్ళింటి ముందు కూడా ఎవరో ఒకరు దారి వెతుక్కుంటూ ఉంటారు. పిల్లకి ఇప్పట్నుంచే అలవాటైతే మంచిదేగా.”

“మీతో మాట్లాడలేం అక్కా.”

“పోనీ ఒక పని చెయ్యి. నువ్వొక్కదానివే కేకలెయ్యి. ఆయన్ని తలూపమను.”

“తలూపే మనిషైతే ఎప్పుడో తలూపేవాడు.”

“టేపు రికార్డులో పట్టించి కిటికీలో పెడితే?”

“ఆమధ్య కరెంటు పోయిన వారం ఏం చేసేవాళ్ళు? మా వీధి చివర రొట్టెల బట్టీ ఆయనా, వాళ్ళావిడా ఉన్నారుగా. వాళ్ళని రాసుకోండి మా బదులు. వాళ్ళవి నిజం పోట్లాటలు. సామాన్లు కూడా పగలగొడతారు.”

“వాళ్ళకి వేళాపాళా లేదమ్మా. ఒకరోజు తెల్లారుగట్ల, ఒకరోజు మధ్యాహ్నం. నమ్ముకుని మనిషిని పంపలేం. మీరైతే గడియారం. పది కొట్టేసరికి కత్తెర, పదీ పదకొండు నిమిషాలకి చీపురు. ఎక్కడ దొరుకుతారు మీలాంటివాళ్ళు? అయినా నాకు తెలియకడుగుతాను, మీ ఇద్దరి మధ్యా నిజంగా ఏమైనా గొడవా?”

“మా మధ్య గొడవలేమీ లేవు.”

“రాజీ పడ్డారన్నమాట.”

“గొడవ లేదంటున్నానుగా.”

“గొడవ లేకపోవడం వేరు, రాజీ పడటం వేరు.”

“ఈ దిండు గలీబులు కూడా మడతపెట్టాలా?”

“అవి తరవాత. ఆగాగు. ఇప్పుడు టైమెంతయింది?”

“పదకొండు కొట్టిందిగా.”

“మరి పదింటికి నువ్వెక్కడున్నావు?”

“దార్లో.”

“ఏ దార్లో? రోడ్డు మీద నుంచి వచ్చావా?”

“రోడ్డు మీద వస్తే ఎవరైనా చూసి ‘ఏమ్మా, పోట్లాట లేదా ఇవాళ’ అంటారని గొర్రెల దొడ్డి వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చాను. చీర నిండా పల్లేరుకాయలే. ఎందుకట్లా నిట్టూరుస్తున్నారు?”

“ఏం లేదు. చుట్టుదారిన వచ్చావుగా, అంతే చాలు. అంటే, అలిసిపోయి ఉంటావని. కానీ నా కొంప ముంచావు. మూడో నంబరు గది ఆయన తొమ్మిదిన్నరకే కర్ర పట్టుకుని బయల్దేరాడు. ఒంటరి మనిషి. అక్కడ నువ్వు లేకపోతే ఏం చేసి ఉంటాడో.”

“ఏదో ఒకటి చేసి ఉంటాడు. ఇవాళ మాత్రం నేను ఆ గుమ్మంలో నిలబడలేకపోయాను అక్కా.”

“ఎందుకు?”

“నిన్న ఆయన ఒక మాటన్నాడు.”

“రోజూ అనేవే కదా.”

“రోజూ అనేవి నాకు నిద్దట్లో లేపినా వస్తాయి. ‘నా కత్తెర ఎక్కడ పెట్టావు’ అంటాడు. ‘నీ బుర్ర పెట్టిన చోటే’ అంటాను. ‘ఈ ఇంట్లో ఒక్క వస్తువు ఉన్నచోట ఉండదు’ అంటాడు. ‘ఉన్నచోట ఉండేది నేనొక్కదాన్నే’ అంటాను. అక్కడ చీపురు విసరాలి. విసిరితే వచ్చినవాళ్ళు పుస్తకం మూసేసి ఎడమకి తిరుగుతారు. అంతే కదా.”

“అంతే. మరి నిన్న?”

“నిన్న చీపురెత్తాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ‘ఇరవై ఏళ్ళ కిందటే వెళ్ళిపోవాల్సినవాణ్ణి’ అన్నాడు.”

“కొత్తగా చేర్చాడేమో. రోజూ ఒకటే అంటే ఆయనకీ విసుగేగా.”

“పోట్లాటలో మాటైతే గొంతు పెంచుతాడు. ఇది గొంతు తగ్గించి అన్నాడు అక్కా. ఎదురుగా నిలబడ్డ ముగ్గురికీ వినపడలేదు. ‘కొంచెం గట్టిగా చెప్పండి’ అని అడిగారు కూడా.”

“ఏమన్నాడు?”

“‘ఎడమకి’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? చీపురు కింద పెట్టి లోపలికెళ్ళాను. ఆ ముగ్గురూ చప్పట్లు కొట్టి పోయారు.”

“నిజంగా అన్నాడో ఊరికే అన్నాడో ఆయన్నే అడగరాదూ.”

“ఎప్పుడు అడగను?”

“ఎప్పుడేంటి. ఇంట్లో. అన్నం పెట్టేటప్పుడు.”

“అన్నం పెట్టేటప్పుడు మేం మాట్లాడుకోం.”

“పడుకునేటప్పుడు.”

“అప్పుడూ మాట్లాడుకోం.”

“మూడేళ్ళుగా ఇంతేనా ఇంకా?”

“మూడేళ్ళని నేను చెప్పలేదే.”

“ఊరికే ఏదో ఒక లెక్క అన్నాను. దుప్పటి అటు లాగు.”

“మూడేళ్ళే. పదింటికి గుమ్మంలో తప్ప నేను ఆయనతో నోరు విప్పను. అది బయటివాళ్ళ కోసం కాబట్టి పట్టు తప్పినట్టు కాదు.”

“దేనికొచ్చింది అంత పట్టు?”

“ఏదో ఉంది అక్కా. చాలా పెద్దదే. ఇప్పుడు గుర్తు రావట్లేదు. గుర్తు రాకుండా ముందే మాట్లాడేస్తే, తరవాత గుర్తొస్తే నేనేమైపోవాలి?”

“అదీ నిజమే.”

“ఇప్పుడు నాకు తేలాల్సింది ఒక్కటే. నిజంగా వెళ్ళిపోవాలనే ఉంటే నేనే మా చెల్లెలి దగ్గరికి పోతాను, ఆయనకా శ్రమ ఎందుకు. ఊరికే అని ఉంటే ఉంటాను. రెంట్లో ఏదో తెలియకుండా మళ్ళీ అక్కడ నిలబడి చీపురు విసరమంటే నా వల్ల కాదు. చెయ్యి లేవదు. అందుకే ముందు ఆ పేజీ సంగతి చూడండి. ఏదీ, పుస్తకం ఇలా ఇవ్వండి.”

“పుస్తకాలన్నీ గదుల్లో ఉన్నాయి.”

“మీ చంకలో ఉన్నదేంటి?”

“ఇదా? ఇది గదుల జాబితా.”

“అట్ట మీద వంతెన బొమ్మ ఉంది.”

“జాబితాకి అట్ట ఉండకూడదా ఏంటి? అదిగో, ఎవరో వస్తున్నారు. మూడో నంబరాయనే. నువ్వు ఇక్కడే ఉండు, నేను ముందు వరండాలోకి తీసుకెళ్తాను.”

“అమ్మా, ఉన్నారా? బూట్లు ఇక్కడే విప్పేయొచ్చా? బాగా బురదయ్యాయి.”

“వద్దు సార్, వద్దు. అటునుంచి ముందుకి వెళ్ళండి. టీ పంపిస్తాను.”

“ఇక్కడే హాయిగా ఉందమ్మా. ఈ స్టూలు మీద కూర్చుంటాను. ఈవిడెవరు?”

“దుప్పట్లు మడతపెట్టడానికొచ్చింది.”

“అవునండీ, దుప్పట్లకే వచ్చాను. కూర్చోండి. ఏమేం చూశారు?”

“ఏం చెప్పమంటారు. నేను తూనికలు కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యానండీ. ఇలాంటి నడక ఎప్పుడూ నడవలేదు. రేడియో ఆయన్ని ‘వార్తలేంటండీ’ అని పలకరించాను. చెయ్యి ఊపాడు. ఊపిన చేతిలోనే ఉంది రేడియో. బావి ఆయన దగ్గర కుడికి తిరుగుతుంటే, ‘ఇంకెవరైనా వెనకాల ఉన్నారా’ అని లోపలినుంచి వినపడింది. తరవాత దర్జీ ఇల్లు—”

“వంతెన ఎట్లా ఉంది సార్? ఊగుతోందా?”

“వంతెన దర్జీ తరవాత కదమ్మా.”

“కుండల ఊళ్ళో చక్రం తిప్పనిచ్చారా?”

“అక్కా, ఆయన్ని చెప్పనివ్వండి. దర్జీ ఇంటి దగ్గర ఏమైందండీ?”

“అదే చెప్తున్నాను. సమయం విషయంలో నేను ఖచ్చితం. పదికి రెండు నిమిషాల ముందే వెళ్ళి నిలబడ్డాను. పదయింది. దర్జీ ఒక్కడే బయటికొచ్చాడు. చీపురుంది, ఆవిడ లేదు.”

“ఏం చేశాడు?”

“లోపలికెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. పెరట్లోకెళ్ళాడు. మంచం కింద కూడా వంగి చూశాడు, నాకు కిటికీలోంచి కనపడింది.”

“మంచం కింద నేనెందుకు— మంచం కింద ఎవరుంటారండీ?”

“నేనూ అదే అనుకున్నాను. తరవాత నా దగ్గరికొచ్చి, ‘మా ఆవిడ పనిమీద బయటికెళ్ళింది. మీకు ఇబ్బంది లేకపోతే ఇవాళ్టికి ఆవిడ చోట నిలబడతారా’ అని అడిగాడు.”

“మీరు నిలబడ్డారా?”

“అంత దూరం నడిచి, ఎడమకి తిరగకుండా ఎట్లా వస్తానండీ?”

“అయ్యో సార్.”

“కష్టమేం కాలేదమ్మా. నన్ను గడప లోపల నిలబెట్టి చీపురు చేతికిచ్చాడు. మాటలు నేర్పాడు. ఆయన ‘నా కత్తెరెక్కడ పెట్టావు’ అంటాడు. నేను ‘మీ బుర్ర పెట్టిన చోటేనండీ’ అన్నాను.”

“మధ్యలో అండీ ఏంటి?”

“ముక్కూ మొహం తెలియని మనిషిని నువ్వు అని ఎట్లా అంటానమ్మా? ఆయన కూడా అదే అన్నాడు, ‘మా ఆవిడ నన్ను అండీ అనదు, అంటే నాకు పోట్లాట రాదు’ అని. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాం.”

“చీపురు ఎక్కడ పట్టుకున్నారు?”

“పిడి దగ్గర.”

“పిడి దగ్గర పట్టుకుంటే దూరం పోదు. నడుమ పట్టుకోవాలి.”

“ఆయనా అదే చెప్పాడు. మీకూ తెలుసే. ‘మా ఆవిడ విసిరితే పందిరి గుంజ దాకా పోతుంది’ అన్నాడు. ఆ గుంజ మీద చీపురు తగిలి ఎన్ని గంట్లు పడ్డాయో చూపించాడు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాడు.”

“ఒక్కొక్కటీనా?”

“ఒక గంటు దగ్గర ఆగి, ‘ఇది మొన్న ఎండాకాలంలోది, చాలా బాగా తగిలింది’ అన్నాడు. మూడోసారికి నాకూ ఊపొచ్చిందండీ. ‘ఉన్నచోట ఉండేది నేనొక్కదాన్నే’ అనేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.”

“మీకు పెళ్ళయిందా సార్?”

“లేదమ్మా. అందుకే కాబోలు.”

“ఆ మాటన్నాక?”

“అన్నాక చీపురు విసరబోయాను. ఆగమన్నాడు. ‘నిన్నటిదొకటి మిగిలిపోయింది’ అన్నాడు.”

“సార్, టీ చల్లారిపోతుంది.”

“టీ ఇంకా ఇవ్వలేదు కదమ్మా.”

“అక్కా, మీరు కాసేపు నోరు మూసుకోండి. నిన్నటిదేంటండీ?”

“గొంతు బాగా తగ్గించి, ‘ఇరవై ఏళ్ళ కిందటే వెళ్ళిపోవాల్సినవాణ్ణి’ అన్నాడు. ఇప్పుడు నేనేమనాలని అడిగాను. ‘మా ఆవిడైతే ఏమీ అనలేదు. మీరు మాత్రం, మరెందుకు వెళ్ళలేదు అని అడగండి’ అన్నాడు.”

“అడిగారా?”

“అడిగాను.”

“గట్టిగానా?”

“మామూలుగానే. ‘మరెందుకు వెళ్ళలేదు’ అన్నాను.”

“ఏమన్నాడు?”

“గుంజ మీద గంట్లని వేలితో తడుముతూ నిలబడ్డాడు. నా వాచీలో నిమిషం మీద పది సెకన్లు. తరవాత నా చేతిలో చీపురు తీసుకుని గోడకి ఆనించాడు. ‘అది ఆవిడే అడగాలండీ, మీరడిగితే చెప్పలేను, మీరు ఎడమకి వెళ్ళండి’ అన్నాడు.”

“మరి?”

“మరేముంది, ఎడమకి తిరిగాను. వాగు చాలా బాగుందండీ. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ కిందట నేనెక్కడున్నానా అని ఆలోచించాను. తూకం రాళ్ళ మీద ముద్రలు వేస్తున్నాను.”

“ఏమ్మాయ్, కూర్చో. మొహం అలా అయిపోయిందేంటి?”

“ఇది జవాబు కాదు అక్కా.”

“అడిగితే చెప్తానంటున్నాడుగా.”

“అడిగాక ‘ధైర్యం చాల్లేదు, అందుకే వెళ్ళలేదు’ అంటే? అది విని ఆ గుమ్మంలో నేనెట్లా నిలబడతాను? తేలలేదు. ఏమీ తేలలేదు. మీరు ఆ లైను కొట్టేస్తే ఎవరూ రారు, ఎవరూ రాకపోతే ఆయనా ఏమీ అనడు. ఏవండీ, ఆ చేతిలో పుస్తకం ఒకసారి ఇస్తారా?”

“సార్, ఆ పుస్తకం తడిసినట్టుంది. నాకివ్వండి, ఎండలో పెడతాను.”

“తడవలేదమ్మా, జేబులోనే ఉంది. తీసుకోండి.”

“నాలుగో పేజీ. ఏదీ. ‘కల్వర్టు దాటగానే పసుపు పచ్చ బోర్డు కనిపిస్తుంది. బాణం గుర్తు చూపిన వైపు కొత్త రోడ్డు మీద నేరుగా వెళితే కుండల ఊరు వస్తుంది.’ మూడో లైనూ అదే. నాలుగో లైనులో మజ్జిగ దొరుకుతుందని ఉంది. దర్జీ ఏడీ?”

“పుస్తకంలో దర్జీ లేడండీ.”

“లేకపోతే మీరు మా ఇంటికెట్లా వచ్చారు?”

“మీ ఇంటికా?”

“దర్జీ ఇంటికండీ. ఎట్లా వెళ్ళారు?”

“ఆయనే పిలిచాడు. నిన్న సాయంత్రం ఇక్కడ భోజనాల గదిలోకొచ్చాడు, మెళ్ళో టేపు వేసుకుని. ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి, ‘రేపు పదింటికి మా ఇంటి ముందునుంచి పోతారా, పాత దారైనా వాగు పక్కన చల్లగా ఉంటుంది’ అని అడిగాడు. మిగతావాళ్ళు మర్యాదగా తప్పించుకున్నారు. నేను సరేనన్నాను.”

“అక్కా.”

“వింటున్నాను.”

“ఆ కొత్త రోడ్డు ఎప్పుడు వేశారు?”

“వేశారు ఎప్పుడో.”

“ఎప్పుడు?”

“మూడేళ్ళవుతుంది. నువ్వు చొక్కాలకి కాజాలు కుట్టుకుంటూ ఇంట్లోంచి కదలవు, నీకెట్లా తెలుస్తుంది? రోడ్డు పడ్డాక పేజీ మార్చక తప్పలేదు.”

“మరి మూడేళ్ళుగా నేను ఎవరికోసం చీపురు విసురుతున్నట్టు?”

“విసరడం ఒంటికి మంచిదేనమ్మా.”

“అక్కా.”

“చెప్తాను, చెప్తాను. పేజీ మార్చిన మర్నాడే పరుగెత్తుకొచ్చాడు మీ ఆయన. ‘అక్కగారూ, మార్చింది మార్చారు, మా ఆవిడకి మాత్రం చెప్పకండి’ అన్నాడు. ఎందుకయ్యా అంటే, ‘నలుగురి ముందు తప్ప నాతో నోరు విప్పట్లేదు, ఆ పది నిమిషాలు కూడా పోతే ఇల్లు చెవుల్లో హోరెత్తుతుంది’ అన్నాడు. అప్పట్నుంచీ రోజూ వస్తాడు. గలీబులు కుట్టడానికని నీకు చెప్పే వస్తాడుగా.”

“చెప్పడు. మేం మాట్లాడుకోం. టేపు మెళ్ళో వేసుకుని వెళ్తుంటే ఎవరి కొలతలకో అనుకున్నాను.”

“మా దగ్గర అన్ని గలీబులెక్కడివి? రోజూ మనుషుల్ని బతిమాలుకోవడానికొస్తాడు. ఎవరూ ఒప్పుకోని రోజు నేనే ఎవరో ఒకర్ని తోలుతాను.”

“వానల్లో మీ సత్రం మూసే ఉందిగా. అప్పుడు గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నెలరోజులు రోజూ ఒకాయన వచ్చాడు.”

“మా ఆయనే. జలుబు కూడా చేసింది. ఏమన్నా ‘సరేలే’ అంటాడని చెప్పానుగా.”

“ఆయన కూడా పుస్తకం తెరిచి పట్టుకున్నాడు.”

“ఏ పుస్తకం దొరికితే అది పట్టుకెళ్ళేవాడు.”

“ఆగండమ్మా, నాకిప్పుడు అర్థమవుతోంది. ఆ ఇంటావిడ మీరేనా?”

“నేనేనండీ.”

“క్షమించండి. మీ మాటలన్నీ నేను అనేశాను.”

“బాగానే అన్నారు లెండి.”

“రేపు మీరొస్తారా, నన్నే నిలబడమంటారా? మళ్ళీ నిలబడితే చీపురు నడుమ పట్టుకుంటాను.”

“వద్దండీ.”

“పోనీ ఊరికే చూడటానికి వస్తాను.”

“చూడటానికి కూడా వద్దు. మీరు బోర్డు చూసుకుని కొత్త రోడ్డు మీద వెళ్ళండి. మజ్జిగ దొరుకుతుందిట. అక్కా, ఈ దుప్పటి పట్టుకోండి.”

“లేస్తున్నావేంటి? మీ చెల్లెలింటికి పోతానన్నావు, అటేనా? నా మీద కోపం తరవాత పడుదువుగానీ, ముందు మాట చెప్పు.”

“మళ్ళీ ఎవరినీ మా ఇంటి వైపు తోలకండి. బావగారిని కూడా. సాయంత్రం ఆయన వచ్చి అడిగినా ఒక్కర్ని కూడా ఇవ్వకండి.”

“అయితే పోట్లాట మానేస్తున్నట్టే కదా. సరే, రేపు పదింటికి మీ గుమ్మం ముందు ఎవరూ ఉండకుండా చూసే పూచీ నాది.”

“మానడమేంటి అక్కా. రేపు పదింటి దాకా ఎవరు ఆగుతారు? ఇప్పుడే వెళ్ళి పోట్లాడతాను.”